ముందు వరుసలో పురుషోత్తం

2011 సెప్టెంబరులో, సకల జనుల సమ్మె మొదలైన పదో రోజున, వినీతకు తన తండ్రే కొత్తగా తెలిశాడు.

ఆమె జనగామలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఊళ్లోని తెలంగాణ ఉద్యమ కమిటీకి వెబ్‌సైటు కూడా తనే నడిపేది. కార్యకర్తలు నింపిచ్చిన ఫారాలను నలుగురు పంచుకుని అందులో ఎక్కించేవాళ్లు. ఎవరు ఏ బృందంలో ఉన్నారో తెలియాలంటే మాత్రం ఒక్కొక్క పేరూ తెరిచి చూడాల్సిందే. ఎల్లుండి రైల్ రోకో ఉందనగా, బృందాలవారీగా పేర్లు వెంటనే కావాలని కన్వీనర్ ఉపేందర్ ఫోన్ చేశాడు. వినీత అడ్మిన్ పేజీలో వెతికి వెతికి, సభ్యుల జాబితాలో ప్రతి పేరు పక్కనా బృందం కనిపించేలా ఒక గడిలో టిక్కు పెట్టింది.

నర్మెట్ట వాళ్లు రోడ్డు మీద వంటావార్పులో ఉన్నారు. జఫర్‌గఢ్ వాళ్లు ర్యాలీలో. 'పట్టాల మీద ముందు వరుస'లో పదకొండు మందే, అరెస్టుకు సిద్ధపడ్డవాళ్లు. అందులో ఒక పేరు పురుషోత్తం, నాన్న పేరే. ఫోన్ నంబరు తమ బట్టల దుకాణానిది.

బందు అంటే చాలు, షట్టరు దించుతూ గంటసేపు సణిగే మనిషి. అరవై దాటాయి, షుగరుంది. ఎవరో ఆకతాయిగా రాశారనుకుని ఫారాల కట్ట విప్పింది. చిన్నప్పటి నుంచి ప్రోగ్రెస్ కార్డుల మీద చూసిన సంతకమే. పాత అనుభవం అడిగిన చోట ఒక్క ముక్క రాసి ఉంది: 'అరవై తొమ్మిదిల ఉరికిన.'

పేరు తీసేయడం ఆమెకు క్షణం పని. తీయలేక, ఫారం పట్టుకుని ఇంటికి వెళ్లింది.

పురుషోత్తం అన్నం తింటున్నాడు. ఫారం చూసి చెయ్యి కడిగేసుకున్నాడు. కాలేజీలో అబ్రహాం అని ప్రాణస్నేహితుడు ఉండేవాడని చెప్పాడు. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎత్తలేదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో, ఊరేగింపు మీద లాఠీలు విరిగిన రోజు ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు.

"కింద పడ్డడు బిడ్డా. లేపమని నా అంగి పట్టుకున్నడు. ఇడిపిచ్చుకొని ఉరికిన."

వినీత ఆయన పక్కన కూర్చుంది.

"కాలు మల్ల సక్కగ కాలే. సచ్చేదాక నన్ను ఒక్క మాట అనలే. మీ బందులు జూస్తే గా దినమే యాదికొస్తది."

ఆమె అంది: "షుగరు గోలీలు జేబుల పెట్టుకొని పో, నాయినా."

జాబితాను ఉన్నదున్నట్టుగా ఉపేందర్‌కు పంపింది.

రైల్ రోకో నాడు పట్టాల మీద కూర్చున్న తండ్రిని నలుగురు పోలీసులు ఎత్తుకుపోతుంటే, ప్లాట్‌ఫారం మీంచి చూసింది. సాయంత్రానికి వదిలేశారు. ఇంటికొచ్చి చాయ్ తాగి, అబ్రహాం భార్య సత్తమ్మ నెల్లికుదురులో ఉంటుందట, బస్సులు నడిచాక తోడు వస్తావా అని కూతుర్ని అడిగాడు.

సత్తమ్మను చూసి ఏమంటావని వినీత అడిగింది.

"ఏమో బిడ్డా," అన్నాడు పురుషోత్తం.