ఒడ్డు పక్క లైన్

"లైన్ల ఉండు బిడ్డా, మోటర్ బంద్ జేసొస్త," అని ఆత్మారాం ఫోన్ ఒడ్డు మీద పెట్టి పోయాడు. నిజామాబాద్‌లో అతని కూతురు శ్రీవాణి లైన్లోనే ఉంది. మోటర్ ఆగింది. ఆ తర్వాత కాకులు వినిపించాయి. పదకొండు నిమిషాలకు పక్క పొలం రాజారాం ఫోన్ తీశాడు.

"అక్కా, బాపు పడిపోయిండు."

గుండె ఆగిందన్నారు.

ఎడపల్లిలో మూడెకరాల చెరుకు ఆయనది. వచ్చిన ఇంగ్లీషు మాటలు పదుంటే, అందులో ఎక్కువ చాకిరీ చేసింది లైనే. చెరుకు సాలూ లైనే, ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరసా లైనే, కరెంటు తీగా లైనే. ఎవడన్నా తాగుడు మానితే లైన్ల పడ్డట్టు. శ్రీవాణి బడిలో ఇంగ్లీషు చెబుతుంది.

"మీ పుస్తకంల లైనంటే ఒట్టి గీతనేనా? గంత మాటకు గింతే పనా?" అని వెక్కిరించేవాడు.

ఏటా కోతలప్పుడు ఒడ్డు పక్కన ఒక లైన్ కొయ్యనిచ్చేవాడు కాదు. అది కూతురు తినడానికి. ఆమె పెళ్లయ్యాక కూడా గడలు ముక్కలు చేసి, సంచిలో వేసుకుని బస్సెక్కేవాడు.

నిరుడు ఆమె, "ఇక్కడి ఫ్యాక్టరీ మూతవడె, ఇంకోటి దూరమాయె, ఇంక చెరుకెందుకు బాపూ, వరి వెయ్యి," అంది.

"వరి తినెటోళ్లకు చెరుకెందుకు? వచ్చేసారి నీకు లైన్ లేదు పో."

రోజూ ఫోన్లో మాట్లాడాడు గానీ, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. కోపమో, వేళాకోళమో తెలియలేదు. అడుగుదామనే ఆ రోజు ఆమె ఫోన్ చేసింది.

దినాలయ్యాక మహారాష్ట్ర నుంచి కోత కూలీలు వచ్చారు. రాజారాం అడిగాడు.

"ఒడ్డు పొంటి లైన్ గుడ కొయ్యమంటవా అక్కా?"

"మొత్తం కొయ్యమను."

ఒడ్డు పక్క గడలకు ఎర్ర పీలికలు కట్టి ఉన్నాయి. అడవిపందులు రాకుండా కట్టాడేమో అనుకుంది. ట్రాక్టర్ నిండింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఖాళీ అయిన మడి చూసి, చేతులు కడుక్కుంది.

కూలీల్లో తెలుగు వచ్చిన పెద్ద రుక్మాబాయికి ఆ రోజు జ్వరం. రెండో రోజు లేచి వచ్చి, మడిలో మోళ్లకు మిగిలిన పీలికలు చూసింది.

"ఎర్ర పీలిక కట్టింది కొయ్యరాదు బిడ్డా. మావోళ్లకు తెలుగు రాదని మీ బాపు ఏటా గట్లనే గుర్తు పెడ్తడు. నువ్వే మొత్తం అన్నవంట గదా."

శ్రీవాణి వంగి ఒక పీలిక విప్పింది.

"ఎప్పుడు ఒక్క లైనే కట్టెటోడు," అంది రుక్మాబాయి. "ఈసారి రెండు కట్టిండు."