హాజరు పట్టీలో లేని అయిదు వారాలు

పదేళ్ల కిందట, జులై నెలలో, నన్ను జగదల్‌పూర్ నుంచి దక్షిణ బస్తర్‌లోని ఒక చిన్న ప్రభుత్వ కాలేజీకి బదిలీ చేశారు. నేను భూగోళశాస్త్రం చెప్పేదాన్ని. చేరిన వారానికే ప్రిన్సిపాల్ గారు హాజరు, పరీక్షా ఫారాల బాధ్యత కూడా నాకే అంటగట్టారు. ఎవరూ కోరి తీసుకోని పని అది. ప్రతి సబ్జెక్టు టీచరూ నెలాఖరుకు ఇచ్చే పట్టీలన్నీ కలిపి ఒక పెద్ద పట్టీ తయారు చేయాలి. నూటికి డెబ్బై అయిదు హాజరు లేనివాళ్ల పేర్లు నోటీసు బోర్డెక్కించాలి. వాళ్లు ఆ ఏడు పరీక్ష రాయలేరు. ముందే మంజూరైన సెలవో, డాక్టరు సర్టిఫికెట్టో ఉంటే కొంత మాఫీ దొరుకుతుంది. దానికి సిఫారసు రాయాల్సిందీ నేనే.

ఏటా మొదటి క్లాసులో నేను పాఠం చెప్పేదాన్ని కాదు, నా అరకు కథ చెప్పేదాన్ని. మా నాన్న బస్తర్‌లోనే కిరందుల్ ఇనుప గనిలో పనిచేసేవారు. నేను విశాఖలో డిగ్రీ చదివేదాన్ని. ఒకసారి సెలవులయ్యాక ప్యాసింజరు బండిలో కాలేజీకి వెళ్తూ, నేనూ నా స్నేహితురాలూ అరకులో టీ తాగడానికి దిగి మళ్లీ బండెక్కలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్లింట్లో నాలుగు రోజులుండి, వాళ్లతో పాటు చోడి చేలో కలుపు తీశాం. భూగోళమే చదవాలని నేను నిశ్చయించుకున్నది ఆ కొండవాలులోనే. కాలేజీ రోజుల్లో కాళ్లు ఎటు లాగితే అటు పొండి, అన్నీ ముందే అనుకుని చేస్తే ఏమీ నేర్చుకోరు, అని ముగించేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లంటే నాకు సరదా.

సమ్మక్క బీఏ రెండో ఏడు. బాసగూడ దగ్గరి పల్లె, కూలి చేసుకునే ఇల్లు. తెలుగు, దొర్లి, గోండి, హిందీ నాలుగూ గడగడా మాట్లాడేది. వానాకాలంలో వాగు పొంగి ఎటూ కొన్ని రోజులు పోయాయి. ఆ పైన, చలి మొదలయ్యే వేళకు, అయిదు వారాలు కనిపించకుండా పోయింది. తిరిగొచ్చేసరికి మేం పరీక్షా ఫారాలు నింపుతున్నాం.

ఎక్కడికి పోయావంటే దాపరికం లేకుండా చెప్పింది. ఆవపల్లిలో కాలేజీ బస్సు కోసం నిలబడి ఉంటే, ఊరూరా మలేరియా రక్తపరీక్షలు చేసే జీపు ఆగింది. డాక్టరు మాటను పల్లె భాషలోకి తిప్పి చెప్పే మనిషి ఆ రోజు రాలేదు. "ఒక్క దినమే అని ఎక్కిన మేడం. ముసలోళ్లు సూది చూసి అడవిల పడి ఉరుకుతున్నరు. నేను దొర్లిల చెప్తే కూసుంటున్నరు. మల్ల దిగబుద్ధి కాలే," అంది. జగర్గుండా వైపు పల్లెలన్నీ తిరిగిందట. నర్సు చదువు చదవాలని ఉందంది. దానికి ముందు ఈ డిగ్రీ గట్టెక్కాలి. జీపు డాక్టరు రాసిచ్చిన చీటీ నా బల్ల మీద పెట్టింది.

చీటీలో ఆమె చేసిన సేవ ఉంది, ఆమెకు రోగం ఉన్నట్టు లేదు. ముందుగా అర్జీ ఎందుకు పెట్టలేదని అడిగాను. సమ్మక్క నవ్వింది.

"ముందుగాల తెలిస్తే గద మేడం పెట్టేది? మీరు బండి దిగినట్టే. మీరే గద పొమ్మన్నది."

పక్కనున్న గుమాస్తా ముసిముసిగా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ప్రిన్సిపాల్ గారు మంచివారు, మీరు ఏది రాస్తే దాని మీద సంతకం పెడతానన్నారు. నియమం ప్రకారం మాఫీకి వీలు లేదు అని రాశాను.

మర్నాడు జాబితా సాపు రాస్తూ ఆమె పేరు దగ్గరికి వచ్చాక నా చెయ్యి ఆగింది. అరకు కథలో నేను ఎన్నడూ చెప్పని ముక్క ఒకటుంది. ఆ నాలుగు రోజుల తర్వాత కాలేజీకి వెళ్లి పట్టీలో తొంగి చూస్తే, నా పేరుకెదురుగా నాలుగు గళ్లలోనూ హాజరు వేసి ఉంది. మా లెక్చరర్ గారు ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. నా తెగువ అనుకుని ఇన్నేళ్లు చప్పట్లు కొట్టించుకున్నది ఆయన కలం చలవే. చెప్పేవి శ్రీరంగనీతులు అని మా అమ్మ ఎవరినో అనేది, అది నాకే సరిపోయింది.

జాబితా ఇంకా బోర్డెక్కలేదు. చింపి కొత్తది రాయొచ్చు. రాసిన మాట వెనక్కి తీసుకుంటే గుమాస్తా ముందు చులకనైపోతానని చింపలేదు. అందుకు ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను.

సమ్మక్క బోర్డు చూసుకుని వెళ్లిపోయింది. ఇంకో ఏడు చదివించే ఓపిక ఇంట్లో లేదు. మిరప కోతలకు తెలంగాణ పోయే కూలీల జీపెక్కిందని ఆమె తోటి పిల్లలు చెప్పారు.

రెండేళ్ల తర్వాత ఆవపల్లి సంతలో ఎదురైంది. చేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. "మంచిగున్నరా మేడం? అరకు కత ఇంకా చెప్తున్నరా పిల్లలకు?" అంది. గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగింది. చెబుతున్నానన్నాను. అది అబద్ధం.

పోయినేడు రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది: కాళ్లు లాగిన చోటికి పొమ్మని పిల్లలకు చెప్పే టీచరు, వాళ్లు తిరిగొచ్చిన రోజున తన కలంతో హాజరు వేయగలగాలి. అంత ధైర్యం లేకపోతే మొదటి క్లాసు నుంచే పాఠం చెప్పుకోవాలి. సమ్మక్క పోయాక నేను పాఠమే చెప్పాను.