పక్కింటి కాక ఎడమ మోకాలు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో దేవుడి తర్వాత అంతటివాడు మా పక్కింటి కాక. ఈ మాట చెబితే మా మనవరాలు పకపకా నవ్వుతుంది. నవ్వనీ, దానికేం తెలుసు? అది టీవీలో చూసే కబడ్డీకి రంగుల చాపలు, లైట్లు, పాటలు ఉంటాయి. మా కాక ఆడింది ఎర్రమట్టిలో, మోచేతులు చెక్కుకుపోయేలా. పాశమైలారం చుట్టుపక్కల అప్పుడప్పుడే కంపెనీలు లేస్తున్న రోజులవి. పొలాలు పోయినవాళ్ళూ, పోనివాళ్ళూ సైరన్ మోగగానే గేట్ల ముందు నిలబడేవారు. కంపెనీకొక కబడ్డీ జట్టు ఉండేది. మా ఊరి పక్కనున్న మందుల కంపెనీ జట్టులో అందరూ మా ఊరివాళ్ళే కావడంతో అది మా ఊరి జట్టే అనుకునేవాళ్ళం. ఆట ఉన్న రోజు మా నాయన గడ్డం కూడా గీసుకునేవాడు కాదు. గీసుకుంటే ఓడిపోతామని ఆయన నమ్మకం.

కాక కూతకు వెళ్తుంటే చూడాలి. గీత దగ్గర వంగి మట్టిని వేళ్ళతో తాకి, ఏదో చుట్టాలింటికి పోతున్నట్టు నవ్వుతూ అవతలికి అడుగు పెట్టేవాడు. ఆ కూత గట్టిగా ఉండేది కాదు. సన్నగా, తెగకుండా సాగేది. అవతలి ఏడుగురూ ఆ గొంతు వింటూ ఎప్పుడు తెగుతుందా అని ఎదురుచూస్తుండగానే ఒకరిద్దర్ని కొట్టి వెనక్కి వచ్చేసేవాడు.

మొన్నీమధ్య ముంబై రోడ్డు మీద చాయ్ హోటల్లో మా ఊరి ముసలివాళ్ళు నలుగురు కూర్చుని ఇంకా ఆ ఆటల గురించే వాదించుకుంటున్నారు. కాక పడిపోయిన ఆ ఫైనల్ నాడు నేల తడిగా ఉందని ఒకాయన, కాలి కింద రాయి వచ్చిందని ఇంకొకాయన. దిష్టి తగిలిందని మూడో ఆయన. ఇన్నేళ్ళయినా ఎవరి మాట వారిదే. నాకు ఒళ్ళు మండింది. తడీ లేదు, రాయీ లేదు. కాకను పడగొట్టింది నేను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

కాక ఆ కంపెనీలో రోజుకూలీ. లారీల మీది నుంచి డ్రమ్ములు దింపే పని. ఆ ఏడు సంగారెడ్డిలో కంపెనీల టోర్నమెంటు పెట్టారు. కప్పు గెలిస్తే జట్టులోని కూలీలను పర్మినెంట్ చేస్తామని పెద్ద సారు మాట ఇచ్చాడు. పర్మినెంట్ అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలియదు గానీ, కాక భార్య, మేం చిన్నమ్మ అని పిలిచే ఆమె, ఆ మాటను నోరారా పలికేది. చంకలో ఆరు నెలల కొడుకుని పెట్టుకుని, "మా పొలగాడు పర్మినెంటోని కొడుకయితడు" అని వాడి బుగ్గలు పిండేది.

టోర్నమెంటుకు పదిహేను రోజుల ముందు, నిండు డ్రమ్ము ఒకటి దొర్లి వచ్చి కాక ఎడమ మోకాలిని గోడకేసి నొక్కేసింది. చూసింది ఒక్కడే, ఒడిశా నుంచి వచ్చిన కూలీ. అతను ఆ వారంలోనే పని మానేసి వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. కాక ఎవరికీ చెప్పలేదు. కాలు దెబ్బతిన్న రోజుకూలీని మర్నాడు గేటు లోపలికి రానివ్వరు, జట్టులోంచి తీసేస్తారు. అందుకని పళ్ళు బిగబట్టి మామూలుగా నడిచేవాడు.

నాకెలా తెలిసిందంటే, పొలం గట్టు మీది నుంచి ఆముదపు ఆకులు తెమ్మని చిన్నమ్మ నన్ను పంపేది. ఆ ఆకులకు నూనె రాసి, పొయ్యి మీద వెచ్చబెట్టి, పొద్దున్నే తలుపు దగ్గరగా వేసుకుని కాక మోకాలికి కట్టేది. ఒకరోజు తలుపు తోసుకుని వెళ్ళి చూశాను. మోకాలు గుమ్మడికాయలా వాచి ఉంది. చిన్నమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాక మాత్రం నవ్వాడు. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా. మన ముగ్గురికే ఎరుక" అన్నాడు. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని అయినందుకు నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఊరికే అనేది కాదు. అయినా పది రోజులు దాచాను. కాక ఆ కాలితోనే ఆడి జట్టును ఫైనల్‌కు తెచ్చాడు. ఎడమ కాలు మీద తిరగాల్సి వస్తే తిరగకుండా, కుడికాలి మీదే ఒక చుట్టు ఎక్కువ తిరిగి వచ్చేవాడు. అది కొత్త ఎత్తు అని జనం చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం తెలుసు.

ఫైనల్ పైపుల కంపెనీతో. ఆ కంపెనీలో మా మేనమామ పని చేసేవాడు, ఆ జట్టులో మూలన నిలబడి పట్టు పట్టేదీ ఆయనే. ఆటకు ముందు ఆదివారం అమ్మతో కలిసి అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. మామ నాకోసం వేడి వేడి మిర్చి బజ్జీలు తెచ్చాడు. నేనంటే ప్రాణం ఆయనకు, అది అబద్ధం కాదు. బజ్జీలు పెడుతూ ఆటపట్టించడం మొదలుపెట్టాడు. "ఏమే కోడలా, మీ కాక ముసలోడయిండట గద. ఈసారి నా మూలకు రానీ, గిట్ల ఎత్తి అట్ల పడేస్త" అన్నాడు.

నాకు ఎక్కడ లేని రోషం వచ్చింది. "మా కాక ఒక్క కాలుతోనే మీ ఏడుగురిని కొట్టొస్తడు. మోకాలు పగిలినా మొన్న ఎంతమందిని కొట్టిండో నువ్ చూడలే?" అన్నాను.

మామ చేతిలోని బజ్జీ నోటిదాకా వెళ్ళి ఆగింది. "అయ్యో, ఏ కాలు బిడ్డా?" అని మెల్లగా అడిగాడు. ఇంకో బజ్జీ నా చేతిలో పెట్టాడు. అంతే, ఆకుల సంగతి, వాపు సంగతి, కుడికాలి మీద తిరిగే సంగతి పూసగుచ్చినట్టు చెప్పేశాను. మామ తలూపుతూ విని, "మీ కాక పులి" అన్నాడు. శత్రువు చేత కూడా మా కాకను పులి అనిపించానని పొంగిపోయాను. ఇంటికి వచ్చేదాకా ఆ గర్వం దిగలేదు. పిచ్చిమొద్దును!

ఫైనల్ సాయంత్రం నాలుగింటికి. ఊరంతా ట్రాక్టర్లెక్కి సంగారెడ్డి వచ్చింది. నేను మా నాయన భుజాల మీద కూర్చున్నాను. ఆఖరి కూతకు మా జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. కాక వెళ్ళాడు. ఇద్దర్ని కొట్టాడు. ఇక తిరిగి గీత తాకితే కప్పు మాది. అప్పుడు మా మామ తన మూల వదిలేసి, కాకకు కుడివైపు వచ్చి నిలబడ్డాడు. అటు దారి లేదు. తిరగాలంటే ఎడమ కాలి మీదే తిరగాలి. కాక తిరిగాడు. మామ భుజం సూటిగా ఆ మోకాలి మీదకే వెళ్ళింది.

ఆ చప్పుడు నాకు భుజాల మీదికే వినిపించింది. కాక పడిపోయాడు. పడి కూడా కూత ఆపలేదు. బోర్లా పాకుతూ, ఒక చెయ్యి గీత వైపు చాచి, అదే సన్నని గొంతుతో కబడ్డీ కబడ్డీ అంటూనే ఉన్నాడు. మీద నలుగురు పడ్డారు. గీతకీ వేళ్ళకీ మధ్య జానెడు నేల ఉంది. గొంతు తెగింది. విజిల్ వేశారు.

నాటు వైద్యుడి దగ్గర కట్టు కట్టించి కాకను మర్నాడు మధ్యాహ్నం ఇంటికి తెచ్చారు. అప్పటికే పైపుల కంపెనీ వాళ్ళు, మీ వాడి మోకాలు ముందే పోయిందని మాకు తెలుసులే అని ఎక్కడో వాగారు. ఆ మాట ఊళ్ళోకి వచ్చింది. కాక వాకిట్లో యాభై మంది పోగయ్యారు. ఎవడు చెప్పిండు, ఎవడు అమ్ముడుపోయిండు అని అరుపులు. ఎవరో అన్నారు, ఆ మూలోడు ఎవని బామ్మర్ది అని. అందరూ మా నాయన వైపు తిరిగారు. ఒకడు ఆయన అంగీ కాలరు పట్టుకున్నాడు. మా నాయన గడ్డం గీసుకోని ముఖంతో, నాకేం ఎరుక లేదని ఏడుపు గొంతుతో అంటున్నాడు. అంటూ అంటూ ఏదో తట్టినట్టు నావైపు చూశాడు. నేను గోడకు అతుక్కుపోయాను. ఉన్నచోటనే లంగా తడిసిపోయింది.

మంచం మీద పడుకున్న కాక నన్ను చూశాడు. ఒక్కసారే. తర్వాత మోచేతి మీద లేచి, "ఆగుండ్రి!" అని అరిచాడు. ఆ మనిషి అరవడం నేను వినడం అదే మొదలు. "నా మోకాలుకు ముందుగల్ల ఏం కాలే. మంచిగనే ఉండె. నేనే కాలు ఉల్టా ఏసిన. గెలిచినోళ్ళు వంద చెప్తరు, మీరు నమ్ముతరా?" అన్నాడు. జనం ఇంకా గొణుగుతూనే ఉన్నారు. అప్పుడాయన చిన్నమ్మ చంకలోని కొడుకుని దగ్గరికి తెమ్మన్నాడు. చిన్నమ్మ కదల్లేదు. కాక చెయ్యి చాచి, పిల్లవాడి నెత్తి మీద పెట్టి, "వీని మీద ఒట్టు" అన్నాడు.

బిడ్డ నెత్తి మీద ఒట్టంటే మా దగ్గర ఆ తర్వాత మాట ఉండదు. అబద్ధపు ఒట్టు వేస్తే అది బిడ్డకే కొడుతుందని నమ్మకం. జనం కాలరు వదిలి, తలలు వంచుకుని వెళ్ళిపోయారు.

వారం తర్వాత యూనియన్ మనిషి వచ్చాడు. డ్రమ్ము తగిలిన సంగతి ఆయనకు ఎలాగో తెలిసింది. పనిలో దెబ్బ తగిలిందని రాసివ్వు, వైద్యం చేయించేదీ పని ఇచ్చేదీ కంపెనీయే, నేను కొట్లాడతా అన్నాడు. రాసిస్తే ఒట్టు అబద్ధమని ఒప్పుకున్నట్టే. కాక ఒకటే మాట అన్నాడు, మోకాలు ముందు మంచిగనే ఉండె అని. యూనియన్ మనిషి రెండుసార్లు వచ్చి, తిట్టి, వెళ్ళిపోయాడు. పర్మినెంటూ లేదు, రోజుకూలీ కూడా లేదు. ఆ మోకాలు మళ్ళీ వంగలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఎవరైనా సామెత చెబితే నాకు ఇప్పటికీ చిరాకు. కాలు జారి తీసుకోలేని మనిషి మా పక్కింట్లోనే ముప్పై ఏళ్ళు బతికాడు.

చిన్నమ్మ ఇటుకలు మోసింది, కంకర మోసింది. కాక కూర్చుని డ్రమ్ములు కడిగే పని దొరికినన్నాళ్ళు చేశాడు. నేను వాళ్ళింటి ముందు నుంచి పోవడం మానేసి, చుట్టూ తిరిగి బడికి వెళ్ళేదాన్ని. ఒకరోజు కాక నన్ను పిలిచాడు. దగ్గర కూర్చోబెట్టుకుని, "ఊకో. నా మీది పాయిరంతోని చెప్పినవ్ గని పగతోని చెప్పినవా? నా గొప్ప చెప్పబోయినవ్, గంతే" అన్నాడు. నేను ఆయన ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ రోజు నుంచి నా గుండె తేలికపడింది. పెద్దయ్యాక క్షమించడం అంటే ఇదీ అని నా పిల్లలకు కూడా, ఊరూ పేరూ మార్చి, ఈ కథే చెప్పాను.

కాక పోయిన పదకొండో రోజు చుట్టాలందరూ వెళ్ళాక చిన్నమ్మ వెనక తలుపు బయట గిన్నెలు తోముకుంటోంది. పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్ళు దాచాను, ఇక చెప్పేయాలనిపించింది. చిన్నమ్మా, ఆనాడు మా మామకు చెప్పింది నేనే అన్నాను.

ఆమె తోమడం ఆపలేదు. "ఎరుకే. ముగ్గురికి తెల్సిన ముచ్చట. ఆయన చెప్పలే, నేను చెప్పలే" అంది.

ఇంకో గిన్నె అందుకుని మళ్ళీ తనే మాట్లాడింది. "మా పొలగానికి ఒళ్ళు యెచ్చగైనప్పుడల్ల ఆ ఒట్టు కొట్టిందనే అనుకున్న. వాడు బడికెళ్ళి ఆల్శం జేస్తే బస్సు కిందనే పడ్డడనుకున్న. వాని పెండ్లి నాడు గూడ నాకు బుక్కెడు బువ్వ దిగలే. ఆయన నిన్ను మాఫ్ చేసిండు. మంచిగ నిద్ర పోయిండు. నేను చెయ్యలే బిడ్డా. చెయ్యలేను. నీకు చెప్పద్దని ఆయన అన్నడు, ఆయన ఉన్నన్ని దినాలు చెప్పలే."

ఆమె చేతులు కడుక్కుని, లోపలికి వెళ్ళి, పళ్ళెంలో అన్నం పెట్టుకొచ్చి నా ముందు పెట్టింది. తిని పొమ్మంది. తిన్నాను. నా పక్కనే కూర్చుని, నా ముఖం వైపు మాత్రం చూడకుండా, నేను తినేదాకా ఈగలు తోలింది.

ఆ కొడుకు నిక్షేపంగా ఉన్నాడు. సుల్తాన్‌పూర్‌లో పని, ఇద్దరు పిల్లలు. చిన్నమ్మ కూడా పోయింది కాబట్టే ఇప్పుడు ఇది రాస్తున్నాను. కాక మంచితనం గొప్పది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ మంచితనాన్ని ముప్పై ఏళ్ళు మోసింది ఆయన కాదు. ఎవరైనా నా తప్పును పోనీలే అని నవ్వుతూ వదిలేస్తే, నాకు ఈ వయసులో కూడా వాళ్ళ నవ్వు కనబడదు. వాళ్ళింట్లో ఇంకెవరున్నారా అని, వెనక తలుపు వైపు చూస్తాను.