మేడమెట్లూ, సగం మీసమూ

ఆ సెలూన్ యజమానిని వీధిలో అందరూ ‘రీప్లే’ అంటారు. కుర్చీలో కూర్చున్నవాడి మెడకు గుడ్డ కట్టగానే నిన్నటి ‘ఎదురు గదులు’ సీరియల్ కథంతా మొదటినుంచీ చెప్పేస్తాడు. అడిగినా చెబుతాడు, వద్దన్నా చెబుతాడు. కోడలి మాటలు వచ్చేసరికి అతని గొంతు సన్నబడుతుంది. పెద్దాయన వచ్చేసరికి చేతిలో దువ్వెన చేతికర్ర అవుతుంది. పని మాత్రం శుభ్రంగా ఉంటుంది.

సీరియల్ నడిచే అరగంటా అతను కత్తెర ముట్టడు. ఆ నియమం వెనక ఒక మీసం ఉంది. సీరియల్లో పెద్దాయన మేడమెట్ల మీంచి పడిన సాయంత్రం, కుర్చీలో ఉన్నది రీప్లే భార్యకు అన్న, వ్యాన్ డ్రైవరు. మీసం సరిచేస్తుండగా టీవీలో కేక వినిపించింది. రీప్లే తల అటు తిరిగింది, కత్తెర ఆగలేదు. సగం మీసం ఎగిరిపోయింది.

అయినా బావకు కోపం వచ్చింది మీసం గురించి కాదు. కోడలే తోసిందని బావ, తోయలేదు పట్టుకోబోయిందని రీప్లే, అద్దంలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాదించుకున్నారు. ఆవిడ తోసిందని ఒప్పుకుంటే తప్ప ఈ గడప తొక్కనని బావ సగం మీసంతోనే వెళ్లిపోయాడు. అప్పటినుంచి క్షవరం వేరే చోట. సాయంత్రం పక్కన కూర్చుని టీ తాగే మనిషి లేక రీప్లేకి ఆ సీరియల్ కూడా చప్పబడింది. అలాగని మాట మార్చడు. రీప్లే భార్య అటు అన్నకూ ఇటు మొగుడికీ చెప్పి చెప్పి విసిగిపోయింది.

ఇంతలో ఆ సీరియల్‌కి అసిస్టెంట్ డైరెక్టరుగా పనిచేసినతను తెరవెనక సంగతులన్నీ పుస్తకంగా రాశాడు. రీప్లే భార్య దాన్ని కొనుక్కొచ్చి, ఆదివారం షాపులో పైకి చదువుతానని వీధంతా చాటింది. అన్నకు విడిగా కబురు పెట్టింది.

పొద్దున్నే షాపు కిటకిటలాడింది. గడ్డం గీయించుకునే పని ఒక్కరికీ లేదు. వ్యాన్ వచ్చి బయట ఆగింది. బావ దిగలేదు. అద్దం దించి, ఇంజన్ ఆపి, చెవి ఇటు పెట్టాడు.

మొదటి అధ్యాయంతోనే తగువు మొదలైంది. ఆ రచయిత ప్రకారం నిర్మాత పిసినారి, డైరెక్టరు నిద్రమొహం, సెట్లో బుద్ధిమంతుడు తానొక్కడే. మధ్యలో ఉద్యోగం పీకేసిన కడుపుమంట ఇదంతా అని స్కూలు టీచరమ్మ తేల్చేసింది. అబద్ధమైతే కేసు వేసేవాళ్లు కదా అంది టైలరమ్మ. వేస్తే పుస్తకం ఇంకా అమ్ముడవుతుందని ఊరుకున్నారేమో అంది టీచరమ్మ. పెద్దాయనది విగ్గని చదివినప్పుడు రీప్లే నొచ్చుకున్నాడు. ఇన్నేళ్లుగా చూస్తూ, జుట్టుతోనే బతుకుతూ, ఆ మాత్రం పోల్చుకోలేకపోయాడు.

“మెట్ల సంగతి చదవ్వే,” వ్యాన్లోంచి గొంతు వినిపించింది.

ఆమె గబగబా పేజీలు తిప్పింది. కోడలు తోస్తుందనే స్క్రిప్టులో ఉందట. కానీ చెయ్యి తగిలేలోపే పెద్దాయన కాలు లైట్ల కేబుల్‌కి తట్టుకుని నిజంగానే పడిపోయాడట. ఆవిడ బెదిరిపోయి పట్టుకోబోయింది. డైరెక్టరు అదే ఉంచేశాడు.

షాపు గోలెత్తిపోయింది. టీచరమ్మ నమ్మనంది. టైలరమ్మ ఫోన్లో ఆ ఎపిసోడ్ పెట్టింది. తలలన్నీ దాని మీదికి వంగాయి. వెనక్కి జరపమని ఒకరు, ఆపమని ఇంకొకరు. పై మెట్టు అంచున నల్లగా, సన్నగా కేబుల్ కనిపించింది. అందరూ ఎన్నోసార్లు చూసిన సీనే. కాకపోతే ప్రతిసారీ కోడలి చేతినే చూశారు. టీచరమ్మ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, ఈ ఒక్క పేజీ వరకు నమ్ముతానంది.

అప్పుడు గమనించారు, ఫోన్ మీదికి వంగిన తలల్లో ఒకటి బావది. గడప ఎప్పుడు దాటాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

చూశావా అనడానికి రీప్లే నోరు తెరిచాడు. ఎదురుగా బావ తల, వెనకవైపు ఎవరో మెట్లు మెట్లుగా కత్తిరించిన జుట్టు. ఆ మాట మింగేశాడు.

“కేబుల్ అడ్డం రాకపోతే తోసేదే, బావా,” అన్నాడు.

“మొదట్నుంచీ నేననేది అదేగా,” అంటూ బావ కుర్చీలో కూర్చున్నాడు.

రీప్లే అతని మెడకు గుడ్డ కట్టి, “అసలు నిన్న కోడలు ఏం చేసిందంటే...” అని అందుకున్నాడు.

బావ రెండు చేతులూ మీసానికి అడ్డం పెట్టుకున్నాడు.

“ముందా టీవీ ప్లగ్గు పీకు, బావా.”