చీమలు పట్టిన రాజమహలు

నిన్న వంటింట్లో బెల్లం డబ్బాకి చీమలు పట్టాయని మా కోడలు విసుక్కుంటూ ఉంటే నాకు నవ్వాగలేదు; ఎందుకో ఆ పిల్లకి చెప్పినా అర్థం కాదు గానీ, నాటకం ఉందంటే చాప చంకన పెట్టుకుని ముందే వెళ్ళి కూర్చున్న నా ఈడువాళ్ళైన మీకు అర్థమవుతుంది.

అవి యాభైల నాటి రోజులు. చోడవరంలో మా నాన్నగారు చెరకాడి బెల్లం వండేవారు, నాకేమో నాటకాల తెరల మీద బొమ్మలు వేసే పిచ్చి పట్టుకుంది. మేనమామ దగ్గర ఆ పని నేర్చుకుని వచ్చాక, ఊళ్ళోని నాటక సమాజం వారు రాజమహలు తెర ఒకటి నాకు అప్పగించారు. ఇది నెగ్గితే సరే, లేదంటే కుంచె పారేసి బెల్లప్పొయ్యి దగ్గరికి రావాల్సిందేనని నాన్నగారు తేల్చి చెప్పేశారు.

చిక్కంతా బంక దగ్గర వచ్చింది. రంగుపొడి గుడ్డకి పట్టాలంటే తోళ్ళు ఉడికించి తీసిన సరేసు కాచి కలపాలి. దేవుడికి తొలి ముద్ద పెట్టే బెల్లం వండే చోట ఆ తోలు వాసనే రాకూడదని నాన్నగారి పట్టు. బంక అంటే బంకే కదా అని, నా అతితెలివి కొద్దీ బెల్లం పాకం కలిపి వేసేశాను. అబ్బో, స్తంభాలు ఎంత నిగనిగలాడాయనుకున్నారు!

మర్నాడు సమాజం పెద్ద చూడటానికి వచ్చేసరికి మహలు నిండా చీమలే.

"ఏటి బాబూ, రాజుగోరి కోటకి సీమల్ని కాపలా ఎట్టేవా?" అని, ఇక అనకాపల్లి నుంచే తెర తెప్పించుకుంటామంటూ ఆయన వెనక్కి తిరిగాడు. నాకు కళ్ళనీళ్ళొక్కటే తక్కువ. అప్పుడు నాన్నగారు తలపాగా విప్పి, దాంతోనే చీమల్ని దులుపుతూ, నా వైపు చూడకుండా అన్నారు:

"ఒరే, ఆ తోలుబంకేదో మన పొయ్యి మీదే ఉడకెట్టుకో. పెనం తరవాత తోముకుందుం. ఆయన్ని కాస్త ఆగమను."

నాటకం రోజు దాకా ఆగుతానన్నాడు పెద్దాయన. గుడ్డ ఉతికి, సరేసు కాచి, మహలంతా మళ్ళీ వేశాను. నాటకాలంటే గిట్టని నాన్నగారు, నాటకం నాటి రాత్రి వచ్చి అందరితోపాటు నేల మీద కూర్చున్నారు. పద్యం పద్యానికీ జనం వన్స్‌మోర్ అని అరుస్తున్నా ఆయన చూపు నటుల మీద లేదు, వాళ్ళ వెనకనున్న నా మహలు మీదే ఉంది. రంగం మారి తెర పైకి చుట్టేయగానే, నాటకం అయిపోయినట్టే పంచె దులుపుకుని లేచి ఇంటికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత చాలా తెరలు వేశాను, మెచ్చుకోళ్ళూ బాగానే దక్కాయి. ఇప్పుడు ఆ సమాజాలూ లేవు, ఆ తెరలూ లేవు, ఉన్నా వేయడానికి నా చెయ్యి నిలవదు. అయితేనేం, నటుల్ని వదిలేసి తెర కోసమే వచ్చిన ప్రేక్షకుడు ఎంతమందికి దొరుకుతాడు? నాకు మా ఇంట్లోనే దొరికాడు.