సంతోషికి చెప్పాల్సిన మాట

లింగమూర్తి మంచివాడేనా అని అడిగితే సూరత్‌లోని లింబాయత్ తెలుగు గల్లీల్లో ఎవరూ ఠక్కున అవుననరు, కాదనీ అనరు. పనిమంతుడని మాత్రం అందరూ ఒప్పుకుంటారు. పద్దెనిమిదేళ్ల వయసులో సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, నలభై ఏళ్లు సాంచాల మధ్యే బతికాడు. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. ఆ మోతకు చెవులు సగం పోయాయి, గొంతు రెండింతలు పెరిగింది. ఇంట్లో ఉప్పు అందించమని అడిగినా పక్కవాటా వాళ్లకు వినపడేది. కోపం కూడా అదే లెక్కలో ఉండేది, అది గల్లీ చివరిదాకా వెళ్లేది.

ఆ కోపంతోనే ఐదేళ్ల కిందట ఆయన చెయ్యకూడని పని ఒకటి చేశాడు. ఒక్కగానొక్క కూతురు సంతోషి, ఎదురు గల్లీలో ఎంబ్రాయిడరీ మిషన్ నడిపే జయేశ్‌తో వెళ్లిపోయింది. అతనిది డయ్యూ, సముద్రంలో చేపలు పట్టే ఇంటి పిల్లవాడు. కులం ఒకటి కాదు, భాష ఒకటి కాదు. కూర్చుని నచ్చజెప్పే ఓపిక పిల్లకు లేకపోయింది, వినే ఓపిక తండ్రికి ఎలాగూ లేదు. ఇలాంటప్పుడు తండ్రులు పరువు నిలబెట్టుకోవడానికి ఈ మధ్య ఒక దారి కనిపెట్టారు. లింగమూర్తీ అదే పట్టుకున్నాడు. గల్లీ మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. నడుమ సంతోషి ఫోటో, ఫోటో చుట్టూ పూలదండ, అటొక దీపం ఇటొక దీపం, పైన పెద్ద అక్షరాలతో శ్రద్ధాంజలి. ఇల్లు వదిలిన తారీఖునే పోయిన తారీఖుగా రాయించాడు. కూతురి పేరున తలమీద నీళ్లు పోసుకున్నాడు. భార్య అనంతలక్ష్మి రెండు చేతులూ పట్టుకుని బతిమాలింది, బతికున్న పిల్లకు దండ వెయ్యొద్దని. విన్నాడా? వినలేదు. పైగా పదిమందిలో తలెత్తుకు తిరిగే ఏర్పాటు చేసుకున్నానని సంబరపడ్డాడు. అంతకంటే తెలివితక్కువ సంబరం ఇంకొకటి ఉండదు.

ఫ్లెక్సీ ఒక్క వానాకాలానికే చినిగిపోయింది. కానీ ఎవరో పుణ్యాత్ములు అప్పటికే దాన్ని ఫోటో తీసి సంతోషికి పంపించారు. ఆ రోజు నుంచి పిల్ల ఫోన్ నంబరు పనిచెయ్యలేదు. అనంతలక్ష్మి ఐదేళ్లపాటు ఆ పాత నంబరుకే రోజూ ఒకసారి చేసి చూసుకునేది.

ఈ శ్రావణంలో అనంతలక్ష్మి పోయింది. కామెర్లు ముదిరి, ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. చివరి రెండు రోజులు కూతుర్ని తప్ప ఎవరినీ తలవలేదు. కాస్త తెలివి వచ్చినప్పుడు మొగుణ్ని దగ్గరకు పిలిచి ఒకే ఒక కోరిక కోరింది.

"నేను పోయినంక పిల్లకు చెప్పు. ఫోన్ల గాదు, ఇంకోలతోని గాదు. నువ్వే పోయి చెప్పు."

లింగమూర్తి తల ఊపాడు. దినాలు అయిపోయాయి, బతుకమ్మ అయిపోయింది, దసరా కూడా వెళ్లింది, ఆయన కదల్లేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తోచలేదు. పనికి పోయి వచ్చి, ఇంట్లో రెండు ముద్దలు తిని, భార్య ఫోటో వైపు చూడకుండా పడుకునేవాడు.

వాళ్ల యజమాని సేఠ్ సూరత్‌లోనే ఆల్థాన్ పేటలో ఉంటాడు, సాంచాల కార్ఖానా ఊరి చివర సచిన్ అనే చోట ఉంది. ఇరవై ఏళ్లు దాటి పనిచేసిన వాళ్లను ఈ దీపావళికి ఓడ ఎక్కిస్తానని చెప్పాడు. సాయంత్రం హజీరా రేవులో ఎక్కితే తెల్లారేసరికి డయ్యూ దీవి. ఓడ అక్కడ రెండు రోజులు ఆగుతుంది, రెండో రోజు రాత్రి తిరుగు ప్రయాణం. గుజరాత్‌లో దొరకని మందు డయ్యూలో దొరుకుతుంది కాబట్టి పేర్లు ఇవ్వడానికి జనం ఎగబడ్డారు. మందు ముట్టనివాడు, ఎప్పుడూ ఏ యాత్రకూ రానివాడు లింగమూర్తి ముందు వరసలో నిలబడి పేరు రాయించుకునేసరికి అందరూ ఆటపట్టించారు. పెళ్లాం పోయాక ముసలాయనకు రెక్కలొచ్చాయని ఒకడు అన్నాడు కూడా.

ఓడ దిగగానే పచ్చ టోపీ పెట్టుకున్న గైడ్ అందరినీ వరసలో నిలబెట్టాడు. పొద్దున కోట, మధ్యాహ్నం చర్చి, సాయంత్రం సముద్రపు ఒడ్డు అని చెప్పాడు. లింగమూర్తి తను ఒక్కడే తిరుగుతానన్నాడు. తప్పిపోతే బాధ్యత తనది కాదని గైడ్ హెచ్చరించి, బస్సు ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

జయేశ్ పిల్లను డయ్యూకే తీసుకెళ్లాడని తెలుసు తప్ప ఏ ఊరో, ఏ వీధో తెలియదు. చేపల బజారుకు వెళ్తే ఎవరో ఒకరు చెప్తారనుకున్నాడు. ఫోన్ తీసి ఫోటో చూపించబోయినప్పుడు అసలు సంగతి గుర్తొచ్చింది. పిల్ల ఫోటోలన్నీ ఆ రోజు తన చేతులతోనే చింపేశాడు. ఇప్పుడు మిగిలింది ఒక్కటే, ఫ్లెక్సీ వేసినవాడు సరిచూసుకోమని పంపిన బొమ్మ. పూలదండ, రెండు దీపాలు, శ్రద్ధాంజలి.

తెలుగు అక్షరాలు ఆ దీవిలో ఎవరికీ రావు. కానీ దండ, దీపాలు అర్థం కావడానికి చదువెందుకు? మొదట చూసిన ముసలామె నాలుక చప్పరించి, ఎప్పుడు పోయిందని అడిగింది. పోలేదు, బతికే ఉంది, ఇక్కడే ఉంటుందని లింగమూర్తి హిందీలో చెప్పాడు. ఆమె ఆయన్ని జాలిగా చూసి, పక్కనున్న ఆవిణ్ని పిలిచి చూపించింది. కూతురు పోయాక మతి చలించిన తండ్రి అనుకున్నారు వాళ్లిద్దరూ. ఒకామె కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, దేవుడి ఇచ్ఛ అని ఓదార్చింది. ఆ తర్వాత నుంచి ఆయన దండ మీద బొటనవేలు, దీపాల మీద తక్కిన వేళ్లు అడ్డం పెట్టి, మొహం ఒక్కటే కనబడేలా చూపించసాగాడు. కొమ్మలు చీలిన తాటిచెట్ల కింద, మేకలు తిరిగే సందుల్లో, సాయంత్రందాకా అలాగే తిరిగాడు. పిల్ల కోసం వెతుకుతూ కూడా పిల్లను చంపిన గుర్తులను దాచుకోవాల్సి వచ్చింది. అప్పుడు తెలిసింది ఆయనకు, తను చేసినది ఏమిటో. ఐదేళ్లలో మొదటిసారి, కోట గోడ పక్కన కూర్చుని ఏడ్చాడు. చీకటి పడే వేళకు ఒక పడవల మేస్త్రీ, పెద్ద పడవలున్న వాళ్లంతా దీవికి పడమటి కొసన ఉన్న వనక్‌బారాలో ఉంటారని, అక్కడ అడగమని చెప్పాడు.

రెండో రోజు పొద్దున్నే వనక్‌బారా బస్సెక్కాడు. దిగగానే ఎండుచేపల వాసన. దండేలమీద బట్టలు ఆరేసినట్టు వరసలు వరసలుగా బొంబిల్ చేపలు వేలాడుతున్నాయి. జయేశ్ భార్య, సూరత్ పిల్ల అని అడిగేసరికి, ఫోటో తియ్యకుండానే ఒక ఆడమనిషి ఇల్లు చూపించింది.

రేకుల వసారాలో ఒకామె వల పరుచుకుని కూర్చుని చిరుగులు కుడుతోంది. కాలి బొటనవేలికి వల తగిలించి, తెగినచోట చకచకా ముడి వేస్తోంది. తెగిన పోగును సాంచా మీద ముడేసేది అలాగే. ఆ ముడి ఆమెకు చిన్నప్పుడు నేర్పింది లింగమూర్తే. పక్కన మూడేళ్ల పాప ఆడుకుంటోంది. మంచం మీద అత్తగారు చేపలు ఏరుతోంది.

సంతోషి తలెత్తి చూసింది. లేచి నిలబడింది. ఆయన బిడ్డా అనబోయేంతలో, ఆమె అత్తగారి వైపు తిరిగి, గొంతు వణకకుండా గుజరాతీలో చెప్పింది, ఈయన మా గల్లీ ఆయన, మా నాన్నతో ఒకే కార్ఖానాలో పనిచేసేవారు అని. నలభై ఏళ్లు సూరత్‌లో ఉన్నవాడికి గుజరాతీ తెలియకుండా ఎలా ఉంటుంది? తెరిచిన నోరు మూసుకున్నాడు.

అత్తగారు సంబరపడిపోయింది. ఐదేళ్లలో కోడలి తరఫున గడప తొక్కిన మొదటి మనిషి మరి. మంచం మీద కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, కబుర్లు మొదలుపెట్టింది. పాపం, కరోనాలో తల్లీ తండ్రీ ఒక్క వారంలోనే పోయారట, కడసారి చూపు కూడా దక్కలేదట, ఈ పిల్ల ఆ దిగులును పైకి చెప్పనే చెప్పదు అంది. ప్రతి ఏడూ పితృపక్షంలో తాము పాలపాయసం వండి, లింగమూర్తి, అనంతలక్ష్మి అని ఇద్దరి పేర్లూ చెప్పి కాకులకు పెడతామని చెప్పింది. తర్వాత ముందుకు వంగి, ఈ పిల్ల తండ్రి ఎలాంటి మనిషి అని అడిగింది. ఎన్నిసార్లు అడిగినా కోడలు చెప్పలేదట.

లింగమూర్తి సంతోషిని చూశాడు. సంతోషి వలను చూస్తోంది. మంచి పనివాడని చెప్పాడు. కోపం ఎక్కువన్నాడు. కూతురంటే ప్రాణమేనని, ఆ సంగతి కూతురికి తెలిసేలా నడుచుకోవడం మాత్రం రాలేదని చెప్పాడు. మగవాళ్లంతే అంటూ అత్తగారు, చచ్చిపోయాడనుకున్న ఆ మనిషి కోసం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కాసేపటికి సంతోషి, ముడి వేస్తూనే, గల్లీ కబుర్లు అడుగుతున్నట్టు తెలుగులో అడిగింది.

"ఎందుకొచ్చినవ్ బాపు?"

"అవ్వ పోయింది బిడ్డా. శ్రావణంల."

గల్లీ చివరిదాకా వినిపించే గొంతు, ఆ మాట దగ్గర మంచం కోడు దాటలేదు. అమ్మ పోయిందన్న మాటకు సంతోషి చెయ్యి వలలో ఆగిపోయింది. ఏమంటున్నాడని అత్తగారు అడిగింది. మా గల్లీలో ఒక పెద్దామె పోయిందట, అని సంతోషి గుజరాతీలో చెప్పింది. నీకు బాగా తెలుసా అంటే, తెలుసు, చిన్నప్పుడు నాకు అన్నం పెట్టేది అంది. అయ్యో రామ అని అత్తగారు ఒక నిట్టూర్పు విడిచి, ఆయనకు చాయ్ పెట్టు, నువ్వూ కాస్త తాగు అంది.

సంతోషి లోపలికి వెళ్లింది. ఆ ఇంట్లో అనంతలక్ష్మి ఐదేళ్ల కిందటే చచ్చిపోయింది. ఆమె కోసం ఏడవాల్సిన ఏడుపులన్నీ ఆ ఇంటి లెక్కలో ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు కొత్తగా ఏడిస్తే ఎవరి కోసమని చెప్తుంది? తలుపు సందులోంచి లింగమూర్తికి కూతురి వీపు కనబడింది. కొంగు నోట్లో కుక్కుకుని పొయ్యి ముందు నిలబడింది. ఏడుపుకు భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పాలు పొంగి పొయ్యిమీద కారిపోతున్నా ఆమె చూడలేదు. లేచి వెళ్లి తల నిమరాలని ఆయన ప్రాణం కొట్టుకుంది. తండ్రితో కార్ఖానాలో పనిచేసిన పరాయివాడు, కోడలు ఒక్కతే ఉన్న వంటింట్లోకి వెళ్లడు కదా. అలాగే కూర్చుండిపోయాడు.

చాయ్ తెచ్చేసరికి ఆమె మొహం కడుక్కుని ఉంది. అవ్వ నన్ను అడిగిందా అని తెలుగులోనే అడిగింది. ఆఖరి గడియదాంక నిన్నే అడిగిందని చెప్పాడు. ఆమె వెళ్లి మళ్లీ వల ముందు కూర్చుని ముడి వెయ్యసాగింది. తర్వాత కూడా, అత్తగారికి అనుమానం రాకుండా, మామూలు మొహంతోనే మాట్లాడింది.

"నువ్వు నన్ను సంపి గల్లీల బోర్డు పెట్టినవ్. నేను గుడ కోపంల నువ్వు సచ్చిపోయినవని చెప్పిన. ఒక్క నిన్నే అంటె అవ్వ ఏదని అడుగుతరని, అవ్వను గుడ కలిపి చెప్పిన. అవ్వ ఏం జేసింది బాపు? బతికుండంగనె దాన్ని నేను సంపిన."

"తప్పు నాది. ఇప్పుడే ఈమెకు చెప్పేస్త, నేనే నీ బాపునని. కాళ్లు మొక్కుత."

"వద్దు. దిక్కులేని పిల్లనని ఈమె నన్ను కడుపుల పెట్టుకున్నది. ఐదేండ్లు ఏటేటా ఆమెతోని ఉత్తగనె పాయసం పెట్టిచ్చిన్నని తెలిస్తె నేను ఈ ఇంట్ల ఎట్ల బతకాలె? నువ్వు సచ్చిపోయినోనివే ఉండు బాపు."

ఆయన చాయ్ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. చెప్పాల్సిన మాట చెప్పేశాడు, అనంతలక్ష్మి అప్పగించిన పని అయిపోయింది. తనకంటూ అడగాలనుకున్నది ఒకటుంది, ఒక్కసారి నలుగురిలో బాపు అనిపించుకోవాలని. అది ఇక అడగలేదు. సరే బిడ్డా అన్నాడు.

నాలుగింటి బస్సుకు అత్తగారు, సంతోషి, పాప ముగ్గురూ సాగనంపడానికి వచ్చారు. అత్తగారు ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టింది. మళ్లీ తప్పకుండా రమ్మంది. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరకు వచ్చి, నా మతిమరుపు మండిపోను, నీ పేరే అడగలేదు, కొడుకు సముద్రం నుంచి వచ్చాక ఎవరొచ్చారని చెప్పాలి అంది.

సంతోషి మొదటిసారి తండ్రి కళ్లలోకి సూటిగా చూసింది.

"పరుశురాం" అన్నాడు లింగమూర్తి.

అత్తగారు ఆ పేరును రెండుసార్లు అనుకుని, పాపను ఎత్తుకుని నేర్పించింది. పరుశురాం కాకా, పరుశురాం కాకా అంటూ పాప చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగేదాకా లింగమూర్తి కూడా ఊపుతూనే ఉన్నాడు.