పక్కవాడి వరుస

ఈ ఉదయం సీతమ్మధార ఆఫీసులో నాకు కొత్త లాప్‌టాప్ ఇచ్చారు. పాత తూకం ప్రోగ్రాం తెరిచి, ఒక్క అంకె మార్చి సేవ్ నొక్కాను. తెర మొత్తం ఒక్కసారి ఉలిక్కిపడింది. నేను ముట్టుకోని వరుసలు కూడా ఎవరో తోసినట్టు అటూ ఇటూ జరిగాయి. ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్ తనంతట తానే అన్నిటినీ సర్దేసింది. అందరికీ అది సౌకర్యమేనట. నాకు మాత్రం ఒళ్లు మండింది, పైడితల్లి గారు గుర్తొచ్చి.

ఆవిడ నా మొదటి టీమ్ లీడ్. పెందుర్తి వైపు వ్యవసాయ కుటుంబం. గాజువాక దగ్గర ఒక యార్డులో లారీల సరుకు తూకం లెక్కగట్టే ఈ ప్రోగ్రాం మా టీమ్‌దే. ఏ వరుస దేని కిందకి వస్తుందో తెలియడానికి ప్రోగ్రాంలో ప్రతి వరుస ముందూ కొంత ఖాళీ వదులుతాం. ఆ ఖాళీని ఎడిటరే పెట్టేలా చేసుకోవచ్చు. ఆవిడ తన ఎడిటర్‌కి సొంతంగా ఒక నియమం రాసుకున్నారు: మనం మార్చిన వరుసనే సర్దాలి, మిగతావాటి జోలికి పోకూడదు. ఇదేం చాదస్తమని కొత్తలో నేనడిగితే నవ్వారు.

"మన మడి మనం సదును సేసుకోవాలమ్మీ. పక్కోడి గట్టు జరిపితే తగువే."

తర్వాత విప్పి చెప్పారు. ప్రతి వరుసనూ చివరగా ఎవరు మార్చారో ప్రోగ్రాం మార్పుల చరిత్రలో పేరుతో సహా ఉండిపోతుంది. ఖాళీ జరిపినా మార్పు కిందే లెక్క. రేపు అందులో తప్పు బయటపడితే రాసినవాడి పేరు కాదు, సర్దినవాడి పేరు కనిపిస్తుంది.

కొంతకాలానికి కొత్త మేనేజర్ వచ్చారు. ఆయనకు అన్నీ చూడ్డానికి ఒకేలా ఉండాలి. ఆవిడ నియమం తీసేసి, ఫైళ్లన్నీ ఒకేసారి సర్దెయ్యమన్నారు. ఆవిడ వద్దన్నారు, ఎందుకో కూడా చెప్పారు. చెప్పిన పని చెయ్యండి అన్నారాయన. చేశారు. ఒక్క మధ్యాహ్నంలో అందరి వరుసల మీదా ఆవిడ పేరు పడింది.

తర్వాత యార్డు నుంచి ఫిర్యాదు వచ్చింది. కొన్ని లారీలకు ఖాళీ బండి బరువు తీసెయ్యకుండా, మొత్తం బరువునే సరుకు కింద చూపిస్తోందట. మేనేజర్ చరిత్ర తెరిచారు, పేరు చూశారు. మా అందరి ముందే యార్డుకి ఫోన్ చేసి, ఇది మా పైడితల్లి పొరపాటు, ఆవిణ్ణి ఈ పనిలోంచి తప్పిస్తున్నాం అని చెప్పేశారు.

"నాను జరిపింది ఖాళీలే సార్. ఆటిని లెక్కలోకి తియ్యకండా ఒకపాలి సూడండి," అన్నారావిడ.

అలా చూసే వీలు ఉంది. నేనే చూశాను. బయటికొచ్చింది మేనేజర్ పేరు. వచ్చిన కొత్తలో తొందరపడి ఆయన రాసిన వరుస అది. ఆయన తెర వంక చూసి, ఎవరిదైతే ఏముంది, టీమ్ అన్నాక అందరి బాధ్యత అన్నారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ.

పైడితల్లి గారు గొడవ పెట్టుకోలేదు. ఒక్కటే అడిగారు.

"యార్డోలకి నా పేరు సెప్పింది మీరే కదా సార్. కాదని కూడా మీరే సెప్పండి."

అయిపోయినదాన్ని తవ్వడం ఎందుకన్నారాయన. చెప్పాల్సిందేనని నేనంటే, నీ పని నువ్వు చూసుకో అన్నారు. ఆ ఫోన్ ఆయన చెయ్యనే లేదు. ఆవిడ మాత్రం ఆ సాయంత్రమే కూర్చుని ఆ తప్పు సరిదిద్ది, మర్నాడు రాజీనామా ఇచ్చారు. ఇప్పుడు ఊరి దగ్గరే ఒక కాలేజీలో పాఠం చెబుతున్నారు. ఫోన్‌లో ఆ సంగతి ఎత్తితే పోనీలెమ్మీ అంటారు. ఆవిడకి పోయిందేమో, నాకు పోలేదు. యార్డు వాళ్ల దృష్టిలో తప్పు చేసింది ఇప్పటికీ ఆవిడే.

ఈ ఉదయం సేవ్ చేసినదాన్ని వెనక్కి తీసుకున్నాను. ఆవిడ నేర్పిన నియమం ఎడిటర్‌లో రాసుకుని, నా ఒక్క అంకె మళ్లీ మార్చాను. మిగతా వరుసలు కదల్లేదు. కిందికి జరిపి ఖాళీ బండి బరువు తీసివేసే వరుస దగ్గర ఆగాను. దాని మీద పైడితల్లి అని ఉంది. అన్నిటి మీదా ఆవిడ పేరే పడినా, ఈ వరుస మాత్రం నిజంగా ఆవిడ రాసిందే. దాని మీద నా పేరు పడనివ్వను.